నల్లరాతి మీద బొట్టు

నవంబరు 2, ఆదివారం

ఎక్కింది. మా అక్షయ ఎక్కింది.

చదివింది ఎనిమిదో తరగతి. కలం పట్టి ఏళ్లయింది. అయినా ఈ పూట రాయకపోతే ఈ సంతోషానికి నాకేదో అయిపోయేట్టుంది. బుల్లెమ్మకు చెబితే "సరే, కాళ్లు కడుక్కుని అన్నానికి రండి" అంది. ఇలాంటి భార్యను పెట్టుకుని సంతోషం ఎవరితో పంచుకోను?

మా వీధి చివర మెట్లెక్కితే కొండ మీద పాత క్వారీ. అందులో ఒక నల్లరాయి, మిగతా కొండకూ దానికీ చుట్టరికమే లేనట్టు, ముందుకు వాలి నిలబడి ఉంటుంది. రెండు నిలువులు దాటిన ఎత్తు. చుట్టూ ఉన్న రాయినంతా కొట్టుకుపోయారు గానీ దాని జోలికి ఎవరూ పోలేదు, అంత గట్టిది. "ఇది నిప్పులో పుట్టిన రాయి అంకుల్. భూమి లోపల కరిగి, పైకి పొంగి, చల్లారింది. ఇట్టాంటిది మన కొండ మీద ఉండటమే అదృష్టం" అని ఆరోన్ చెప్పాడు. ఆరోన్ ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా అమ్మాయికి ఈ పిచ్చి అంటించింది అతనే. మొదట్లో తిట్టుకునేవాణ్ణి. ఈ రోజు ఆ కుర్రాడి నోట్లో గుప్పెడు పంచదార పోయాలనిపించింది.

ఈ ఎక్కుడుకు తాడుండదు. కింద మందపాటి పరుపు, చేతులకు సుద్దపొడి, కాళ్లకు వేళ్లు ముడుచుకుపోయేంత బిగుతు బూట్లు. పడితే తల రాతికి తగలకుండా కింద ఒక మనిషి చేతులు పైకెత్తి నిలబడాలి. వానలకు ముందు నుంచీ ఆ మనిషిని నేనే. అక్షయ గన్నవరం ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేసొచ్చి, నిద్ర మానుకుని, వేళ్ల చర్మం లేచిపోయి రక్తం కారుతుంటే టేపు చుట్టుకుని మళ్లీ పట్టుకునేది. ఎన్నిసార్లు పడిందో ఆ పరుపుకే తెలుసు. "పెళ్లి చేయాల్సిన పిల్లని కొండముచ్చును చేశావు బావా" అని పక్కింటి నాంచారయ్య వీధిలో అందరి ముందూ అన్నాడు. కరెంటాఫీసులో రిటైరయ్యాక ఆయనకు వీధిలో వాళ్ల మీటర్లు చూడటమే పని. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా.

ఈ రోజు బిస్కెట్టు ముక్కంత పట్టు మీద నాలుగు వేళ్లు పెట్టి, గాల్లో ఊగి, రెండో చేత్తో పైఅంచు అందుకుని, మోకాలు ఎక్కించి, పైన నిలబడింది. ఆ రాయిని అలా ఎక్కిన మనిషి ఇంతవరకూ లేదట. ఏడ్చాను. ఎందుకు దాచాలి?

ఒక్కటే లోటు. ఆరోన్ కింద కాచుకుని, వీడియో తీయమని ఫోను నా చేతికిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే మొదట నా బొటనవేలు, తర్వాత నా చెప్పులు, తర్వాత ఆకాశం. చివర్లో నా ఏడుపు మాత్రం బాగా వినపడుతోంది. దిక్కుమాలిన ఫోను.

నవంబరు 3, సోమవారం

తెల్లారక ముందే తలస్నానం చేసి కొండెక్కాను. ఆటోనగర్‌లో నా షెడ్డు నడిచిన కాలమంతా, లారీ బాడీ పూర్తయిందంటే పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టకుండా బండిని గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు. ఓనరు తొందరపెట్టినా సరే. పని చేయించుకున్నాక ఇనుముకైనా మర్యాద చేయాలి. అలాంటిది, నా కూతుర్ని నెత్తిన నిలబెట్టుకున్న రాయికి చేయకుండా ఉంటానా? అడుగున బారెడు పసుపు పూశాను. మధ్యలో రూపాయంత బొట్టు. కాయ కొట్టి, కర్పూరం వెలిగించి, దణ్ణం పెట్టి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. బీపీ మనిషి చీకట్లో కొండెక్కాడని తెలిస్తే బుల్లెమ్మ ఊరుకోదు.

ఏం నిండుగా ఉందో రాయి.

నవంబరు 5, బుధవారం

కార్తీక పౌర్ణమి. మా వీధి ఆడవాళ్లు ఎవరో ఆ రాయి దగ్గర దీపాలు పెట్టొచ్చారట. మంచిదేగా. నాంచారయ్య వచ్చి అడిగాడు, "ఆ రాయి సంగతేంటి బావా? మిగతా రాళ్లలా లేదే." నేనూ ఊరుకోలేక, నిప్పులో పుట్టి పైకి పొంగి వచ్చిన రాయని ఆరోన్ చెప్పినదంతా చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. చెబుతుంటే నాకూ గర్వంగానే ఉంది.

నవంబరు 8, శనివారం

ఒళ్లు మండిపోతోంది.

అక్షయ ఎక్కిన సంగతి ఆరోన్ హైదరాబాదు వాళ్ల గ్రూపులో పెట్టాడు. ఇలా రాళ్లెక్కేవాళ్లంతా అందులో ఉంటారట. వీడియో అడిగారు. లేదన్నాడు. వేదశ్రీ అని ఒకమ్మాయి, "అంత కష్టమైన రాయి అయితే ఒక్క ఫోటో కూడా లేదా? కింద నుంచి ఎవరూ తోయలేదుగా?" అని రాసింది. తోయడమా? దగ్గర నిలబడి చూసినవాణ్ణి నేను. అక్షయ మాత్రం కోప్పడలేదు. "వచ్చి చూడమను. వాళ్ల ముందు మళ్లీ ఎక్కుతా" అంది. డిసెంబరు మొదటి ఆదివారం వస్తారట. రానీ. కళ్లు పెద్దవి చేసుకుని చూడనీ.

సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్లి అరగంటలో తిరిగొచ్చింది. పట్లన్నీ నూనె. దీపాలు ఎక్కడ వీలైతే అక్కడ, రాతి గూళ్లలో పెట్టారట. ఆ గూళ్లే అక్షయ వేళ్లు పట్టే చోట్లు.

"ఎవడో బుద్ధిలేనోడు ముందు బొట్టు పెట్టాడు నాన్నా. దాన్ని చూసి అందరూ మొదలెట్టారు."

అవును, ఎవడో పెట్టి ఉంటాడు. కార్తీకమాసం, ఊరందరికీ భక్తి పొంగుకొచ్చే రోజులు. ఎవడని పట్టుకుంటాం?

నవంబరు 10, సోమవారం

కార్తీక సోమవారం. నేనూ వెళ్లాను అక్షయ వెంట. తాటాకు పందిరి వేశారు. జనం చెప్పులు మెట్ల దగ్గరే విప్పి వస్తున్నారు. నాంచారయ్య మెడలో కండువా వేసుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, ముందా బూట్లు విప్పు."

"ఎందుకంకుల్?"

"ఎందుకంటావేంటి? అమ్మవారు. బొట్టు కనపట్టల్లా?"

"మొన్నటిదాకా లేదుగా."

"మొన్నటిదాకా నువ్వు తొక్కుతుంటివి. అందుకని కనపళ్లేదు."

జనం నవ్వారు. నవ్వుతారు మరి. అక్షయ నా వైపు చూసింది, నాన్న ఏదైనా అంటాడని. నేను నాంచారయ్యతో "పోనీ ఒక గంట..." అన్నాను. ఆయన "బావా, నీ ఈడు వాళ్లు కూడా ఇట్టా మాట్టాడితే ఎట్టా? నిప్పులో పుట్టిన తల్లని నువ్వేగా చెప్పావు నాకు" అన్నాడు. నేను తల్లి అన్నానా? రాయన్నాను. ఆరోన్ చెప్పిన సైన్సు చెప్పాను. విన్నవాడి చెవుల్లో ఏముందో నాకేం తెలుసు?

అక్షయ నాకోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

నవంబరు 11

నాంచారయ్య ముఖం చూడకూడదని అనుకున్నాను. పొద్దున్నే పాల పేకెట్టు తెచ్చుకుంటూ ఎదురయ్యాడు. దరిద్రం.

నవంబరు 14, శుక్రవారం

ఈ రోజు తెలిసింది. బుల్లెమ్మ కూడా వెళుతోంది. పౌర్ణమి నుంచీ రోజూ. నాతో కూరగాయలకని చెప్పి, బుట్టలో దీపం పెట్టుకుని.

"ఏవండీ, మీకొక మాట చెప్పనా? నా మోకాళ్ల నెప్పి తగ్గిందండీ. పైదాకా ఆగకుండా ఎక్కేస్తున్నా. ఆ తల్లి చలవ."

డాక్టరు ఎన్ని మాత్రలిచ్చినా తగ్గని నొప్పి. రాత్రిళ్లు మూలుగుతుంటే కాళ్లు పట్టినవాణ్ణి నేను. దాని మొహంలో అంత వెలుగు ఈ మధ్య చూడలేదు. అలాంటి మనిషి దగ్గర నేనేం చెప్పను? చెప్పడానికి మాత్రం ఏముంది? నేనేదో దాస్తున్నట్టు. నమ్మకం ఎదుటివాళ్లది. ఆడమనిషి నమ్మకాన్ని పాడు చేస్తే పాపం. అందుకే ఊరుకున్నాను. కేవలం అందుకే.

నవంబరు 16, ఆదివారం

ఆరోన్‌ను కొట్టబోయారు.

జనం రాకముందే రాయి తుడుద్దామని పొద్దున్నే గుడ్డ తీసుకుని వెళ్లాడట. చేతికి బూట్ల సంచి ఉంది. నాంచారయ్య వెంట తిరిగే కుర్రాళ్లు చుట్టుముట్టారు. అక్షయ డ్యూటీలో ఉంది. అరుపులు విని నేను ఎక్కేసరికి ఒకడు అతని చొక్కా పట్టుకున్నాడు.

"మనోడైతే తెలిసేది అమ్మవారంటే ఏంటో. నీకేం తెలుసురా? కావాలనే తుడవడానికొచ్చావు."

"రాయి తుడుస్తున్నానన్నా. నూనె తుడుస్తున్నా, అంతే" అంటున్నాడు ఆరోన్. గొంతు పెరగలేదు. నన్ను చూసి "అంకుల్, మీరు చెప్పండి" అన్నాడు.

చెప్పాను. "మంచి కుర్రాడయ్యా, వదిలెయ్యండి" అని చెప్పాను. వదిలేశారు. గుండీలు ఊడిపోయిన చొక్కాతో మెట్లు దిగిపోయాడు. నేనైతే చెప్పాల్సింది చెప్పాను.

ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఆ కుర్రవెధవల మీద అంత కోపం వచ్చింది. నాంచారయ్య మీద. ఆ ఆడవాళ్ల మీద. ఆ మొదట బొట్టు పెట్టినవాడి మీద కూడా. ఏం తోచి పెట్టాడు? ఎవరడిగారు పెట్టమని? సంతోషమైతే ఇంట్లో కూర్చుని పాయసం తాగొచ్చుగా?

నవంబరు 19, బుధవారం

నాంచారయ్య కమిటీని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. రాతి చుట్టూ ఇనప గ్రిల్లు కట్టాలట. తలుపు, తాళంతో సహా. "ఎవురెవురో ఎక్కుతున్నారు బావా, అమ్మవారికి రక్షణ కావాలి. ఇనప పని నీకంటే బాగా ఎవరు చేస్తారు? ఆటోనగర్‌లో నీ మాట మీద పని జరుగుద్ది."

అక్షయ లోపలి గదిలో ఉంది. తలుపు తీసే ఉంది. బుల్లెమ్మ నా మొహంలోకి ఎంత ఆశగా చూసిందంటే, దాని పుట్టింటి వాళ్లకు నేను మొదటిసారి ఏదైనా చేయబోతున్నట్టు.

సరేనన్నాను.

నేను కాదంటే ఇంకొకడు చేస్తాడు. నేనైతే కనీసం తలుపు పెద్దది పెడతాను, తర్వాత ఎప్పుడైనా పిల్ల లోపలికి వెళ్లే వీలుంటుంది. వెల్డింగు కాకుండా బోల్టులు బిగిస్తే విప్పడం తేలిక. ఇవన్నీ ఆలోచించే ఒప్పుకున్నాను. లోపలి గది తలుపు మాత్రం దభాలున మూసుకుంది.

నవంబరు 21

తెలిసినవాళ్ల షెడ్డులో గ్రిల్లు తయారవుతోంది. నా పాత పనివాడు "బండి నంబరెంత మేస్త్రీ?" అని వేళాకోళమాడాడు. వాడిని తిట్టాను. అనవసరంగా తిట్టాను.

నవంబరు 23, ఆదివారం

ఈ రోజుది రాయాలని లేదు. అయినా రాస్తాను.

గ్రిల్లు బిగించాం. మైకు పెట్టారు, పులిహోర వండారు. వీధంతా ఉంది. కాస్త దూరంగా, పాత క్రషరు దిమ్మ మీద అక్షయ, పక్కన ఆరోన్. గ్రిల్లు లోపలికి పోనివ్వరని తెలిసీ వచ్చారు. నాంచారయ్య మైకులో, "ఎవరి చేత్తో పెట్టకుండా, స్వయంగా బొట్టుతో వెలిసిన తల్లి, మా చెల్లెమ్మ మోకాళ్లు తగ్గించిన తల్లి" అన్నాడు. తర్వాత, "రామకోటేశ్వరరావు బావ తొలికాయ కొడతాడు" అని కొబ్బరికాయ నా చేతికిచ్చాడు.

అప్పుడే వెనక నుంచి ఎవడో, "ఆ తుడవడానికొచ్చినోడు మళ్లీ వచ్చాడు చూడు, సిగ్గులేకుండా" అన్నాడు. ఆరోన్ తల దించుకున్నాడు.

నాకేమైందో. కాయ కింద పెట్టి, మైకు లాక్కున్నాను.

"ఈ బొట్టు పెట్టింది నేను."

మైకు కీచుమంది. మళ్లీ చెప్పాను. "స్వయంగా వెలవలా. నేను పెట్టా. మా అమ్మాయి ఈ రాయి ఎక్కింది. ఆ సంతోషానికి తెల్లారకుండానే వచ్చి లారీకి పెట్టినట్టు పెట్టా. పసుపు మా ఇంట్లోది. ఇది అమ్మవారు కాదు, రాయి. ఆ కుర్రాడు తుడిచింది నేను చేసిన పనిని."

ఇంక అయిపోయింది, తన్నినా తంతారు, అనుకున్నాను. తన్నినా బాగుండేది. ముందు వరసలో ఒక ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి, "నువ్వు పెట్టడమేంటయ్యా, ఆవిడే నీ చేత పెట్టించింది" అంది.

అంతే. నాంచారయ్యకు ప్రాణం లేచొచ్చింది. "ఇన్నావా బావా? ఇంతమంది ఉండగా ఇనుము కొట్టుకునే మనిషిని పట్టుకుని, తెల్లారుజామున లేపి, ఆయన చేత బొట్టు పెట్టించుకుంది తల్లి. అదృష్టమంటే నీది."

నా మెడలో దండ వేశారు. నాకు. ఆడవాళ్లు వచ్చి కాళ్లకు దణ్ణాలు. నేను వెనక్కి జరుగుతుంటే గ్రిల్లు వీపుకు తగిలింది, నేను కట్టిన గ్రిల్లే.

"నా చేత బొట్టు పెట్టించింది అమ్మవారైతే, మా అమ్మాయిని ఎక్కించిందెవరయ్యా?" అని అరిచాను.

"అది వేరు బావా."

"ఎట్టా వేరు?"

"ఆడపిల్ల... బూట్లేసుకుని... అది వేరులే. నువ్వు కాయ కొట్టు."

నా చేయి చేస్తే దేవుడి పని. నా కూతురు నెలల తరబడి పడి లేచి చేస్తే, అది వేరు. దండ తెంపి పారేశాను. దిమ్మ వైపు చూస్తే అక్షయ లేదు. మెట్లు దిగిపోతోంది. ఆరోన్ మాత్రం నిలబడి నా వైపు చూస్తున్నాడు. ఆ చూపు గురించి రాయలేను.

నవంబరు 24

అక్షయ మాట్లాడటం లేదు. బుల్లెమ్మా మాట్లాడటం లేదు. కంచం పెడుతున్నారు, తీస్తున్నారు.

వీధిలో మాత్రం ఎదురైన ప్రతివాడూ నమస్కారం పెడుతున్నాడు. చంపేయాలన్నంత కోపం వస్తోంది.

నవంబరు 26, బుధవారం

చిక్కుడుకాయలు ఒలుస్తూ బుల్లెమ్మ అడిగింది, నా వైపు చూడకుండానే.

"ఏ చేత్తో పెట్టారు?"

"కుడిచేత్తోనే."

"స్నానం చేశారా?"

"తలస్నానం చేశా."

"ఏవని దణ్ణం పెట్టుకున్నారు?"

"నా కూతుర్ని పైకి చేర్చావు, చల్లగా ఉండు అన్నా."

"రాయితో?"

"రాయితోనే."

"అమ్మా, రా, వచ్చి ఇక్కడ కూర్చో అన్లేదుగా?"

"అన్లా."

కాసేపు ఒలిచింది. "అయితే పిలవకుండా వచ్చిందన్నమాట. పిలవని చుట్టం మనం చాపేసిన చోట కూర్చోవాలి."

నాకేమీ అర్థం కాలేదు. "మరి నీ మోకాళ్ల సంగతి?" అన్నాను, భయపడుతూనే.

"తగ్గాయిగా. ఆవిడ తగ్గించిందో, రోజూ ఆ మెట్లెక్కడం తగ్గించిందో నాకెందుకు? మీరు నాకు చెప్పకుండా పెట్టారు చూడండి, అది నాకు తగ్గదు."

కోపం తెచ్చుకోవడానికి కూడా సందివ్వదు ఈ మనిషి.

నవంబరు 28, శుక్రవారం

బుల్లెమ్మ చేసిన పని రాస్తాను. ఎవరికైనా చెబితే నమ్మరు.

పొద్దున్నే పసుపు గిన్నె, కుంకుమ భరిణ, చాప పట్టుకుని కొండెక్కింది. నన్ను "మీరు మాట్టాడొద్దు" అని వెంట రమ్మంది. శుక్రవారం గదా, ఆడవాళ్లు నిండుగా ఉన్నారు. క్వారీ గోడ పక్కన, నీడలో, నడుమెత్తు రాయి ఒకటుంది, ఎవరికీ పనికిరానిది. దాని ముందు చాప వేసింది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పెద్దరాయి దగ్గరికి వచ్చి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"తల్లీ, నువ్వు మా ఇంటి పసుపుతో వచ్చావు, మా ఇంటి పసుపుతోనే కాస్త జరుగు. ఇది పిల్లలు ఎక్కి దిగే చోటు. దారిలో కూర్చుంటే వాళ్లకీ ఇబ్బంది, నీకూ ఇబ్బంది. అదిగో, నీడన చాపేశా."

నాంచారయ్య పరుగెత్తుకొచ్చాడు. "చెల్లెమ్మా, ఇదేం పని? శాస్త్రం ఒప్పుకోదు."

"మా ఆయన శాస్త్రం చూసి పెట్టాడా అన్నయ్యా? మీరేగా ఆవిడే పెట్టించిందన్నారు. ఇప్పుడు నాచేత తీయిస్తోంది. ఆయన మాట నమ్మి నా మాట నమ్మరా ఏంటి?"

"అట్టా కాదమ్మా..."

"నా మోకాళ్లు తగ్గించిందని మీరే మైకులో చెప్పారు. నాకూ ఆవిడకీ మధ్య మీరెవరండీ?"

దీపం తీసి చిన్నరాయి ముందు పెట్టి కూర్చుంది. అన్ని రోజులూ బుల్లెమ్మ పక్కన దీపం పెట్టిన ఆడవాళ్లు కాసేపు అటూ ఇటూ చూశారు. ముందు ఆ ముసలమ్మే లేచింది, "ఆవిడ జరుగుతానంటే మనకేంటి నొప్పి, ఇక్కడ నీడ గూడా ఉంది" అని. తర్వాత ఒకరి వెనక ఒకరు దీపాలు మోసుకుపోయారు. మగవాళ్ల కమిటీ ఖాళీ రాయికి కాపలా ఉండిపోయింది. సాయంత్రానికి ఆ కుర్రాళ్లే బోల్టులు విప్పి గ్రిల్లును చిన్నరాయి చుట్టూ బిగించారు. కోడిపిల్లకు బస్సు షెడ్డు కట్టినట్టుంది.

సంతోషించాలా? సంతోషమే. కానీ నాకు కోపమూ ఉంది. మైకు పట్టుకుని నిజం చెబితే దండేశారు. ఈవిడ చాప వేస్తే దారిచ్చారు. నిజానికి విలువేముంది ఇంక?

నవంబరు 30, ఆదివారం

రాయి కడిగాం. అక్షయ, నేను. కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, రసం తీసి, పాత టూత్‌బ్రష్షులతో గూడు గూడునా రుద్దాం. తలకు పట్టిన నూనైతే ఒక్క పూటలో పోతుంది. ఈ రాయి గరుకు, చిల్లులు చిల్లులు, నూనె లోపలికి తాగేసింది.

బకెట్టు అందిస్తుంటే అప్పుడడిగింది.

"ఎందుకు చెప్పలా నాన్నా?"

"మీ అమ్మ మోకాళ్లు..."

"అమ్మ పేరు చెప్పకు."

రుద్దుతూనే ఉంది. "నా సంగతి వదిలెయ్యి. ఆరోన్ చొక్కా పట్టుకున్నప్పుడు పక్కనే ఉన్నావంట. అప్పుడన్నా నోరు రాలా?"

కన్నతండ్రిని పట్టుకుని అంత మాటంటుందా అని భగ్గుమంది నాకు. బ్రష్షు విసిరేసి మెట్ల దాకా వచ్చాను. అక్కడ నిలబడ్డాను. నేను పెంచిన పిల్లే. తప్పు మాట ఒక్కటీ అనలేదు. అదే కోపం. తిరిగెళ్లి బ్రష్షు వెతుక్కున్నాను. తను ఇటు తిరక్కుండానే, "ఆ ఎడమ పక్క రుద్దు" అంది.

దారిలో ఆరోన్ ఇంటికెళ్లాను. "నాకు భయమేసింది బాబూ" అని చెప్పాను. "తెలుసంకుల్" అన్నాడు. టీ ఇచ్చాడు. ఆదివారం వస్తానన్నాడు. అంతకంటే ఎక్కువ అడిగే అర్హత నాకు లేదు.

డిసెంబరు 7, ఆదివారం

హైదరాబాదు వాళ్లొచ్చారు. ఆ వేదశ్రీ కూడా. నాలుగు తిట్లు సిద్ధం చేసుకున్నాను గానీ, పిల్ల వచ్చీ రాగానే కాళ్లకు నమస్కారం చేసింది. నా తిట్లు నా నోట్లోనే ఉండిపోయాయి.

ముందు వాళ్లు ప్రయత్నించారు. ఒక్కరూ సగం దాటలేదు. వేదశ్రీ పడి, లేచి, అరచేయి చూసుకుని, "అబ్బో, చర్మం ఒలిచేస్తోంది" అంది. నా కడుపు చల్లబడింది.

అక్షయ ఎక్కింది. బిస్కెట్టు ముక్క పట్టు దగ్గర వేళ్లు జారి పడింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ అక్కడే. ఆ గూట్లో నూనె ఇంకా ఉంది. మూడోసారి పడ్డప్పుడు మోచెయ్యి కొట్టుకుంది. చిన్నరాయి దగ్గర దీపాలు పెట్టే ఆడవాళ్లూ, నాంచారయ్యా, అందరూ ఇటే చూస్తున్నారు. నా బొట్టు నా కూతుర్ని నా కళ్ల ముందే కింద పడేస్తోంది. పరుపు పక్కన చేతులెత్తి నిలబడి, నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో ఇక్కడ రాయను.

అక్షయ పరుపు మీద కూర్చుని రాయిని చాలాసేపు చూసింది. సుద్ద రాసుకుంది. "ఆ పట్టు పోయింది. దాన్ని వదిలేస్తున్నా" అంది ఆరోన్‌తో.

"ఎడమ పక్క అంచా? అది ఇంకా కష్టం."

"కష్టమే."

నాతో అంది, "నాన్నా, నా మొహం చూడకు. నడుం చూడు. అది ఎటు వాలితే అటు పడతా."

నడుమే చూశాను. పాత దారి వదిలి ఎడమకు తిరిగింది. నిటారు అంచును రెండు అరచేతులతో నొక్కి పట్టి, మడమ పైకి తగిలించింది. ఒళ్లంతా వణుకుతోంది, వణుకు నాకు నడుములోనే తెలుస్తోంది. నా చేతుల ఎత్తు దాటింది. ఇంకా పైకి పోయింది. తర్వాత చూడటానికి నడుం లేదు. వెనక్కి జరిగి తలెత్తితే పైన నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతోంది.

ఆరోన్ ఈల వేశాడు. వేదశ్రీ, "మీరు మొదట చెప్పిన దారికంటే ఇది కష్టం. సారీ అక్కా" అని కిందనుంచే అరిచింది. నేను పరుపు మీద కూలబడి ఏడ్చాను, మామూలే.

అప్పుడు ఆ ముసలమ్మ వచ్చింది. వెనక మరి నలుగురు. చెప్పులు విప్పేశారు. పైన ఉన్న అక్షయకు చేతులు జోడించి, "అమ్మవారే పూని ఎక్కించింది. ఆడపిల్లకు అంత బలం ఎక్కడిది?" అంది. నాంచారయ్య కూడా వచ్చాడు, ఎర్రబడిన కళ్లతో, "అవును బావా, నాకూ అదే అనిపించింది" అంటూ. ఒకావిడ అప్పుడే కుంకుమ భరిణ మూత తీస్తోంది.

లేచాను. ఈసారి మైకు అక్కర్లేకపోయింది.

"మూత పెట్టెయ్యమ్మా. ఆవిడ అదిగో, నీడలో కూర్చుంది. ఇది మా అక్షయ. గన్నవరంలో ఉద్యోగం. వానల ముందు నుంచీ పడుతోంది, ఆ మోచెయ్యి చూడు, రక్తం. దానికి ఎవరూ పూనలా. దాని బలం దానిది."

"తప్పయ్యా, అట్టా అనకూడదు."

"అంటా. ముందు మీరంతా చెప్పులేసుకోండి."

ఎవరూ కదల్లేదు. నేనే వంగి, ముసలమ్మ చెప్పులు తెచ్చి, ఆవిడ కాళ్ల ముందు పెట్టాను. నా వైపు చూసింది, పైకి చూసింది, గొణుక్కుంటూ ఒక కాలు దూర్చింది. రెండోది దూర్చేదాకా నిలబడ్డాను.